మూడు వేళ్ల లెక్క

పోయిన వారం పాత ఫైలు పట్టుకుని బస్టాండు దగ్గరి జిరాక్స్ దుకాణానికి వెళ్లాను. మా ఇబ్రహీంపట్నం నామజప మండలి రెండో కోటి మొదలుపెట్టబోతోంది. మొదటి కోటి రామనామాల లెక్కలున్న ఫైలును కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించి, అదే పద్ధతిలో కొత్త పట్టిక చేయించాలి. దుకాణం నడిపే అమ్మాయి పైగడిలో ఒకే ఒక్క ఫార్ములా రాసి ఎంటర్ కొట్టింది. మూడు వందల నలభై వరసల లెక్కలూ జలజలా కిందికి దిగిపోయాయి.

"అదేంటమ్మా, మూడు వేళ్లు పెట్టలేదేం?" అన్నాను.

"ఏం మూడు వేళ్లు ఆంటీ?"

"కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్. మూడూ ఒక్కసారే నొక్కాలి కదా."

"గది పాత పద్ధతి. ఇప్పుడు ఉట్టిగ ఎంటర్ కొడ్తె సాలు."

అప్పటికే నా ఎడమచేతి రెండు వేళ్లు, కుడిచేతి ఒక వేలు గాలిలోకి లేచి ఉన్నాయి. ఎక్కడ దించాలో తెలియక చీర కొంగు సర్దుకున్నాను. ఆ మూడు వేళ్లు నాకు నేర్పింది ఈ అమ్మాయి మామగారే. నిరుడు వానాకాలంలో పోయారు. ఆయన పోయినప్పుడు కూడా నాకు ఇంత తికమక కలగలేదు. మూడు వేళ్లు అక్కర్లేకపోతే ఆయన అంత నిష్ఠగా నొక్కిందేమిటి? అప్పుడు అవసరమై ఇప్పుడు అవసరం లేకుండా పోయేది అసలు నియమమేనా? మా మండలిలో ఆచారాల గురించి ఎవరైనా ఇలాంటి ప్రశ్న వేస్తే నేను గంటసేపు జవాబు చెప్పగలను. ఆ రోజు నా ప్రశ్నకు నాకే జవాబు దొరకలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. "నేను వరసలల్ల రాను, పక్కపొంటి కూసొని లెక్క చూస్త" అనేవారు. ఆ మాటనే మన్నిస్తాను.

మాకు పరిచయం అయ్యేనాటికి నేను ప్రతి శనివారం ఆయన దుకాణం బల్ల మీద కూర్చుని జపం చీటీల లెక్క కట్టేదాన్ని. మండలి సభ్యులు వారంలో ఎన్ని మాలలు తిప్పారో చీటీ మీద రాసి ఇస్తారు. నేను నోటుపుస్తకంలో ఒక్కొక్కరి మాలలను నూట ఎనిమిదితో గుణించి, అన్నీ కూడి, కోటికి ఇంకా ఎంత ఉందో చూస్తాను. ఆయన కౌంటర్ వెనక పుట్నాలు నములుతూ చాలా వారాలు ఊరికే చూశారు. చివరికి ఒక శనివారం అడిగారు.

"ఏం జేస్తున్నవ్ పంతులమ్మా?"

నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. శనివారాలు మండలిలో పురాణం చెబుతాను. ఆయనకు అది చాలు, పంతులమ్మను చేసేశారు. విషయం చెప్పాను.

"ఎంతమంది?"

"మూడు వందల నలభై మందండీ. ఇక్కడివాళ్లు, యాచారం, కోహెడ, బొంగులూరు."

"మూడు వందల నలభై సార్లు గుణిస్తవా? ప్రతి వారం?"

"ప్రతి వారం, అన్నగారూ."

"చేపలను ఒక్కొక్కదాన్ని చేత్తోటి పట్టుకుంట కూసుంటె పని ఎన్నడు తెగాలె? వల ఎయ్యాలె గని. ఇంకోటి, అన్న అంటె సాలు. గారు ఎందుకు, నేనేమన్న తహసీల్దార్‌నా?"

ఆయనవాళ్లు పెద్ద చెరువులో చేపలు పట్టేవాళ్లు. తండ్రి వల విసిరితే చూడటానికి జనం ఆగేవారట. ఈయన మాత్రం నీళ్లలో దిగింది లేదు. కానీ కంప్యూటర్‌లో ఏది చెప్పినా వలతోనే చెప్పేవారు.

ఆ రోజు నా నోటుపుస్తకం లాక్కుని పేర్లు ఒక నిలువు వరసలో, మాలలు పక్క వరసలో ఎక్కించారు. ఎడమచేతి ఒక వేలు, కుడిచేతి ఒక వేలు, అంతే ఆయన టైపింగు. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. అప్పుడు మూడో నిలువు వరసను పైనుంచి కిందిదాకా మొత్తం ఎంచుకుని, ఒక్క ఫార్ములా రాశారు. ఈ వరస మొత్తాన్ని నూట ఎనిమిదితో గుణించమని. గడికొక ఫార్ములా కాదు, అన్ని గడులకూ కలిపి ఒకటే. ఆ తరువాత భుజం మీది తువ్వాలతో వేళ్లు తుడుచుకున్నారు. ఎడమచేతి రెండు వేళ్లూ రెండు మీటల మీద పెట్టి, కుడిచేతి వేలు ఎంటర్ మీద ఆనించి, క్షణం ఆగారు.

"ఇగ వస్తయ్ చూడు."

వచ్చాయి. నా వారం పని రెప్పపాటులో అయిపోయింది. ఫార్ములాకు అటూ ఇటూ రెండు ఫ్లవర్ బ్రాకెట్లు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి.

"గివి వల మూతికి కట్టిన తాళ్లు" అన్నారు.

"అవి నేను టైపు చేస్తే?"

"చెయ్యి."

చేశాను. లెక్క రాలేదు, రాసింది రాసినట్టే అక్షరాలుగా ఉండిపోయింది.

"నువ్వు రాస్తె ఉట్టి రాతనే. మూడు వేళ్లతోటి వస్తెనే వల."

పుస్తకంలో చూసి చదివితే అక్షరం, గురుముఖంగా వస్తే మంత్రం అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. ఆ సంగతే చెప్పాను. ఆయన పుట్నాల పొట్టు ఊదుకుంటూ, "గట్లనా? నాకు తెల్వది. కంప్యూటర్ చేసినోళ్లు గట్ల చేసిన్రు" అన్నారు.

ఇంటికి వెళ్లాక నాకు భయం వేసింది. అన్నాళ్లూ ఆ గుణకారాలే నా సేవ అనుకున్నాను. సేవ ఒక మీటతో అయిపోతే అది సేవా? నమ్మకం కుదరక నాలుగు రోజులు కూర్చుని మొత్తం చేత్తో చేసి సరిచూశాను. ఒక్కచోట తేడా వచ్చింది. తప్పు నాదే.

"నీ సేవల ఒక తప్పు దొరికిందన్నట్టు" అని నవ్వారు ఆయన.

"నవ్వకండి. మరి ఇప్పుడు నేను చేసే సేవేమిటి?"

"చేతులు ఖాళీ అయినయ్ గద. మాల పట్టుకో."

అది ఎగతాళో, ఉపదేశమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

అప్పటి నుంచి శనివారం సాయంత్రాలు ఆయన తన ల్యాప్‌టాప్‌తో మండలి హాలుకే వచ్చేవారు. లోపలికి మాత్రం వచ్చేవారు కాదు. గుమ్మం బయట, చెప్పుల పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. లోపల భజన జరుగుతుంటే ఆయన చీటీలు ఎక్కించేవారు. తాళం ఊపందుకుంటే ఆయన వేళ్లూ ఊపందుకునేవి. భజనకా, పని తొందరకా అని అడగాలనిపించేది. ప్రసాదం ఇస్తే, "పక్కన పెట్టు, కంప్యూటర్‌కు చీమలు పడ్తయ్" అనేవారు. పని అయ్యాక మాత్రం ఆకు నాకినట్టు తినేవారు.

ఒకసారి పైవరసలో రాసిన పేరు, మాలలు, నామాలు అనే శీర్షికలు చూపించి, "ఇది లెక్కలోకి రాదా?" అని అడిగాను.

"రాదు. గది ఏ వరస ఎవరిదో చెప్పేటందుకు. దాన్ని గుణిస్తె లెక్కంత ఖరాబ్."

మాలలో మేరుపూస కూడా అంతే, దాన్ని లెక్కపెట్టరు, దాటరు అని నేను చెప్పాను. ఆయన నా చేతిలో మాల తీసుకుని మేరుపూసను వేళ్ల మధ్య తిప్పి చూశారు. "మంచిగ చేసిన్రు" అని, ఏదో యంత్రం బాగు చూసినట్టు తిరిగి ఇచ్చేశారు.

"దేవుడున్నాడంటారా అన్నగారూ?" అని ఒక్కసారే అడిగాను.

"ఉంటె మంచిదే. లెక్కల తప్పు పోతె ఆయన చూసుకుంటడు. లేకుంటె నేనే చూసుకోవాలె గద. అందుకే రెండుసార్లు చూస్త."

నేను ఆ వారం చీటీలు ఆయన ముందు పెట్టాను.

ఏడాదిన్నర గడిచాక పట్టిక అడుగున ఒక కోటీ నాలుగు లక్షల డెబ్బై ఆరు వేలు అని వచ్చింది. మేం పొంగిపోయాం. పూర్ణాహుతి ముహూర్తం పెట్టించాం. స్వామీజీ వస్తామన్నారు. కార్డులు అచ్చు వేయించి అన్ని ఊళ్లలో పంచాం. కార్డు మీద సంఖ్య కూడా వేయించింది నేనే.

పూర్ణాహుతికి పదిహేను రోజులుందనగా, శనివారం భజన ముగిశాక యాచారం అవ్వ గుమ్మం దగ్గరికి వచ్చింది. కూలిచేసి బతికిన మనిషి. ఉన్న కాస్త చేను పోయిన తరువాత పొద్దంతా మాలే తిప్పుతూ కూర్చునేది. మా అందరిలోకీ ఎక్కువ మాలలు ఆమెవే. చదువు రాదు, కార్డు ఎవరితోనో చదివించుకుంది.

"బిడ్డా, కార్డు మీద కోటి నాలుగు లక్షలు అన్నరట. మాలకు ఎంత ఏసిన్రు?"

"నూట ఎనిమిది అవ్వా. పూసలు అన్నే కదా."

"నూరే గద ఎయ్యాలె? ఎనిమిది తప్పులకు పోతయ్."

ఆ సంప్రదాయం నాకు తెలియనిది కాదు. జపంలో నాలుక తడబడుతుంది, మనసు పొయ్యి మీది కూర దగ్గరికి పోతుంది. ఆ దోషాలకు పరిహారంగా మాలకు ఎనిమిది నామాలు వదిలేసి, నూరే లెక్కపెట్టుకునేవారు ఉన్నారు. మా గోదావరి వైపు మా ఇంట్లో మాత్రం నూట ఎనిమిదంటే నూట ఎనిమిదే. ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్లయినా, నా మండలిలోనే రెండు లెక్కలు నడుస్తున్నాయేమో అని నాకు తట్టనే లేదు. ఎవరినీ అడగలేదు. ఆయనకు నూట ఎనిమిది అని చెప్పింది నేను.

"పలికినవే కదా అవ్వా, పలికినవి లెక్కపెడితే ఏం?" అన్నాను.

"ఇచ్చేసినదాన్ని మల్ల లెక్కపెట్టుకుంటె, ఇచ్చినట్టెట్లయితది బిడ్డా?"

చెప్పుల పక్క కుర్చీలోంచి ఆయన విన్నారు. ఫార్ములాలో నూట ఎనిమిది తీసి నూరు వేసి, మూడు వేళ్లు నొక్కారు. కోటి పోయింది. తొంభై ఏడు లక్షలు మిగిలింది.

ఒక్క అంకె మారితే మూడు వందల నలభై మంది వరసలూ ఒక్కసారి కుంగాయి. ఏడు లక్షల పైచిలుకు నామాలు నా కళ్ల ముందే మాయమయ్యాయి. పలికిన నోళ్లు పలికే ఉన్నాయి. మరి ఎక్కడికి పోయాయి?

మా గురువుగారికి ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గా విని, "ఎవరు ఏ సంకల్పంతో చేశారో ఆ సంకల్పం ప్రకారమే లెక్క" అని పెట్టేశారు. నేను ఇంకా అయోమయంలో పడ్డాను. జిరాక్స్ దుకాణం అన్నగారికి మాత్రం ఆ మాట మహా సులువుగా అర్థమైంది.

"మంచిగ చెప్పిండు గద మీ గురువు. ఎవరిది వాళ్లకే. ఇంకో నిలువు వరస పెడ్త. మాలలు ఒకదాంట్ల, మాలకు ఎన్ని లెక్కనో ఇంకోదాంట్ల. రెండు వరసలను పక్కపక్కన గుణించుమంట. ఫార్ములా ఒక్కటే, లెక్క ఎవరిది వాళ్లది. అడిగొచ్చుడే కష్టం."

"మూడు వందల నలభై మందినా?"

"నీతోటే మొదలు. రామనామం మాల నీది నూరా, నూటెనిమిదా?"

"నూట ఎనిమిది" అన్నాను. ఎందుకో సిగ్గు వేసింది.

ఫోన్లలో అడుగుదామనుకున్నాను. మర్నాడు దుకాణం మూసి ఉంది. ఆ మర్నాడూ మూసే ఉంది. మూడో రోజు కోహెడ నుంచి ఒక సభ్యురాలు ఫోన్ చేసింది.

"అక్కా, ఎవరో తువ్వాలేసుకున్న పెద్దమనిషి వచ్చిండు. పుట్నాలు తినుకుంట నిలబడి, రామనామం మాల నీది నూరా, నూటెనిమిదా అని అడిగి రాసుకున్నడు. ఏం సర్వే అక్కా గిది? రేషన్ కార్డు గిట్ల కట్ అయితదా?"

"కాదమ్మా. నువ్వేం చెప్పావు?"

"నిజమే చెప్పిన. నూరు. తక్కువైతె ఏమన్న అయితదా?"

యాచారం బస్సెక్కారట. కోహెడలో ఆటోలు మారారట. బొంగులూరు వెంచర్లలో గేటు కాపలావాళ్లు ఎవరు కావాలంటే, "రామనామపోళ్లు" అన్నారట. ఒకామెను పత్తి చేలో గట్టు మీద నిలబడి అడిగారట. ఆరో రోజు దుకాణం తెరిచారు. కాళ్లకు దుమ్ము, కాగితాలన్నీ చెమటకు మెత్తబడి ఉన్నాయి.

"ఫోన్ చేస్తే సరిపోయేది కదా అన్నగారూ!"

"ఫోన్ల అడిగితె నీకేది కావాల్నో గదే చెప్తరు. పంతులమ్మకు కోటి కావాలె అని అందరికి ఎర్కే. మొకం చూసి అడగాలె."

కొత్త నిలువు వరస నింపారు. నూరు, నూరు, నూట ఎనిమిది, నూరు. తువ్వాలతో వేళ్లు తుడుచుకున్నారు. మూడు వేళ్లు. తొంభై ఆరు లక్షల ఇరవై వేలు.

అందరికీ నూరు వేసినప్పటికంటే తక్కువ! అదెలా సాధ్యం? నూట ఎనిమిది చెప్పినవాళ్లు ఉన్నారు కదా, పెరగాలి కదా. వరస వరసా వెతికాను. యాచారం అవ్వ దగ్గర నా వేలు ఆగింది. మాలలు నాలుగు వేలు. మాలకు లెక్క సున్నా. మొత్తం సున్నా.

"ఇది తప్పు పడింది."

"తప్పు కాదు. ఆమె చెప్పింది గదే."

"సున్నా అని చెప్పిందా?"

"ఎనిమిది కాదు సారూ, మాలంత తప్పులకే పెట్టుకున్న, నా తప్పులు ఎనిమిదింట్ల తీరయ్, నాది ఏం లెక్కపెట్టకు అన్నది."

"ఏం తప్పులట? అడగలేదా మీరు?"

"లెక్క కావాల్నంటివి. కథ కావాల్నంటివా?"

నాకు కోపం వచ్చింది. అందరికంటే ఎక్కువ జపం చేసిన మనిషి ఎదురుగా సున్నా ఏమిటి? చివరి గడిలో, ఆమె మొత్తం ఉండాల్సినచోట, నాలుగు లక్షలు అని నేనే కొట్టాను. తెర మీద ఒక పెట్టె ఎగిరి పడింది, కుదరదని.

"వలల ఒక్క కన్ను మార్చరాదు పంతులమ్మా. మార్చనియ్యది. కోస్తె వలంత పోతది." ఆయన కుర్చీ నా వైపు జరిపారు. "ఫలితం మార్చరాదు గని, ఆమె చెప్పిన మాట మార్చొచ్చు. గీ గడిల సున్న ఉన్నది సూడు. గది చేత్తోటి కొట్టింది, ఫార్ములా కాదు. సున్న తీసి నూరు కొట్టు, కోటి దాటుతది. కార్డు మీది అంకె రాదు గని కోటి అయితె అయితది. నేను చాయ్ తాగొస్త."

వెళ్లిపోయారు. నిజంగానే రోడ్డు దాటి చాయ్ బండి దగ్గర నాకు వీపు చేసి నిలబడ్డారు.

నేనూ ఆ సున్నా మిగిలాం. మూడు వందల నలభై మంది ఎదురుచూస్తున్నారు. స్వామీజీ వస్తున్నారు. పైగా నేను చేయబోయేది ఆమెకు మేలే అనుకున్నాను. నాలుగు వేల మాలలు తిప్పిన మనిషిని కోటిలో చేర్చడం పాపమా? నూరు కొట్టాను. అడుగున ఒక కోటీ ఇరవై వేలు అని వచ్చింది. ఎంత అందంగా ఉందో ఆ సంఖ్య! అప్పుడు అవ్వ మాట గుర్తొచ్చింది, ఇచ్చేసినదాన్ని మళ్లీ లెక్కపెట్టుకోవడం గురించి. ఇచ్చింది ఆమె. లాక్కుంటున్నది నేను. సున్నా కొట్టాను. మళ్లీ నూరు. మళ్లీ సున్నా. ఎన్నిసార్లో గుర్తు లేదు. శాస్త్రంలో దీనికి సమాధానం ఉండి ఉంటుంది. ఆ వేళ నాకు ఒక్క శ్లోకమూ తోచలేదు.

ఆయన తిరిగి వచ్చేసరికి తెర మీద సున్నా ఉంది. ఆయన తెర చూడలేదు, కీబోర్డు చూశారు. నేను పొద్దున కుంకుమపూజ చేసి నేరుగా వచ్చాను. ఒకటి మీట మీద, సున్నా మీట మీద, ఎంటర్ మీద ఎర్రగా అంటుకుని ఉంది. తువ్వాల తీసి ఆ మూడు మీటలూ నిదానంగా తుడిచారు. ఆ తుడుపును నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ శనివారం హాలులో లేచి నిలబడి చెప్పాను. తప్పు నాది, అడగకుండా అందరికీ నూట ఎనిమిది వేశాను, కోటికి మూడు లక్షల ఎనభై వేలు తక్కువ ఉంది, ఎనిమిది రోజులే మిగిలాయి అని. గుసగుసలు మొదలయ్యాయి.

"కార్డులు పంచినం గద అక్కా!" అన్నాడు వెనక నుంచి ఒకాయన. "ఇప్పుడు 'కోటికి జర తక్కువ' అని ఇంకో కార్డు కొట్టిద్దామా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఊపిరి వచ్చింది. మనిషికి రోజుకు ఒకటిన్నర మాల అదనం అని ఎవరో లెక్కేశారు. దాందేముంది అన్నారు ఇంకొకరు. అవ్వ గోడకు ఆనుకుని మాల తిప్పుకుంటోంది. ఆమె వరస సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

పూర్ణాహుతి రోజు ఉదయం చివరి చీటీలు వచ్చాయి. హోమగుండం వెలిగించే ముందు ఆయన గుమ్మం దగ్గర ఒక్కొక్కటీ ఎక్కించారు. అవ్వ చీటీ కూడా ఎక్కించారు, యాభై రెండు మాలలు.

"సున్నాతో గుణించేదానికి మళ్లీ ఎక్కించడం ఎందుకు?" అని మెల్లగా అడిగాను.

"చేసింది గద. చేసింది రాయాలె. గుణిస్తె ఏమొస్తదో మనకెందుకు?"

ఇదే సంగతి నేను ఎన్ని పురాణాలలో చెప్పానో. చెప్పుల పక్క కూర్చున్న మనిషి నోట వింటే కొత్తగా, కొంచెం కష్టంగా ఉంది.

వేళ్లు తుడుచుకున్నారు. మూడు వేళ్లు. కోటీ మూడు వేల చిల్లర.

"అయింది పో పంతులమ్మా" అన్నారు.

లోపలికి రమ్మన్నాను. ఒక్క ఆహుతి వేయండి, ఇదంతా మీ చలవే అన్నాను. "పొగకు నాకు దగ్గొస్తది" అన్నారు. మధ్యాహ్నం పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నారు. అంతే.

నిరుడు ఆయన పోయిన మూడు రోజులకు గానీ నాకు తెలియలేదు. వెళ్లి ఇంటి ముందు నిలబడ్డాను. ఏ శ్లోకం చదవాలో తెలియలేదు, చదివితే ఆయన ఏమంటారో తెలియలేదు. ఊరికే నిలబడి వచ్చాను.

పోయిన వారం దుకాణంలో ఆయన కోడలు పాత పట్టికను పైనుంచి కిందికి చూస్తూ ఆగింది.

"ఆంటీ, గీ ఒక్క వరసల సున్న వస్తున్నది. ఇన్ని మాలలుంటె సున్నేంది? మామ తప్పు కొట్టినట్టున్నడు. తీసెయ్యనా?"

"తీయకు."

ఎందుకో చెప్పాల్సి వచ్చింది. అవ్వ సంగతి, ఐదు రోజులు మూసిన దుకాణం సంగతి, పత్తిచేను గట్టు సంగతి. ఆ అమ్మాయి చేయి గడ్డం కింద పెట్టుకుని విన్నది. "గా ఐదు రోజులు యాడికి పోతున్నడో మాకు గూడ చెప్పలేదు ఆంటీ" అన్నది.

చెబుతుంటేనే నాకు తట్టింది. అడిగిన ప్రతిసారీ ఆయన రామనామం మాల అనే అడిగారు. మూడు వందల నలభై మందిని, అంటే అన్నిసార్లు ఆయన నోట రామనామం పలికింది. తెలియక పలికినా, వేరే పనికి పలికినా నామం వృథా కాదని మా పెద్దలు చెబుతారు. నేనూ వందసార్లు చెప్పాను. సంచిలోంచి మాల తీసి అక్కడే బల్ల మీద కూర్చుని లెక్కపెట్టాను. మూడు మాలలు నిండి, పైన పదహారు. నూరు లెక్కన చూస్తే మూడు నిండి, పైన నలభై. ఎలా చూసినా మూడు మాలలు మాత్రం ఖాయం.

"అమ్మా, అవ్వ వరస పైన ఇంకో వరస పెట్టు. మీ మామ పేరు రాయి."

"మామ జపం చేసిండా?"

"చేశారో లేదో తెలియదు. మాలలు మూడు అని రాయి."

అనుమానంగానే రాసింది. నాకూ అనుమానమే. ఆ కోటి ఎప్పుడో భగవంతుడికి సమర్పించాం. ఇప్పుడు ఒక వరస కలిపితే మొత్తం మారుతుంది. సమర్పించినదాన్ని మార్చవచ్చా? వరసలల్ల రాను అన్న మనిషిని వరసలో పెట్టవచ్చా? ఆ అమ్మాయి పక్క గడిలోకి వెళ్లి ఆగింది.

"మాలకు ఎంత లెక్క ఆంటీ? మామది నూరా, నూటెనిమిదా?"

ఊరూరా తిరిగి మూడు వందల నలభై మందిని ఇదే అడిగిన మనిషిని, మాలో ఒక్కరం కూడా తిరిగి అడగలేదు.

"అది ఖాళీగా వదిలెయ్" అన్నాను.

ఎంటర్ కొట్టింది. ఖాళీ గడిని కంప్యూటర్ సున్నాగానే తీసుకుంటుందట. అడుగున కోటీ మూడు వేల చిల్లర కదలకుండా అలాగే ఉంది. అవ్వ వరస పైన ఇంకొక సున్నా వచ్చి కూర్చుంది.